ఇరవై మార్కుల అనురాగం

బీఎస్సీ నర్సింగ్ ప్రవేశ పరీక్ష ఎలా ఉండాలో భారత నర్సింగ్ మండలి 2021లో గెజిట్‌లో ప్రకటించిన నిబంధనలు చెబుతాయి. మొత్తం 100 మార్కులు. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలకు తలా 20, ఇంగ్లిషుకు 20, మిగిలిన 20 నర్సింగ్ పట్ల అభ్యర్థికి ఉన్న మొగ్గుకు. అర్హతకు జనరల్ అభ్యర్థులకు 50వ పర్సెంటైల్ రావాలి. ఈ లెక్కన ఆ చివరి భాగంలో ఒక్క మార్కూ రాకపోయినా, మిగతావి గట్టిగా రాసినవారికి సీటు రావడానికి అడ్డేమీ లేదు. తెలంగాణలో ఎంసెట్ ర్యాంకు చూసి కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం సీట్లు నింపినప్పుడైతే ఆ భాగం ఊసే లేదు. ఆ ప్రశ్నపత్రంలో ఉండేవి మూడు శాస్త్రాలే. ఇదంతా పరిపాలనకు సంబంధించిన చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ, దీని వెనుక మత గ్రంథాలూ తత్వవేత్తలూ చాలాకాలంగా తడిమిన ప్రశ్న ఉంది. రోగికి పరిచర్య చేయబోయే మనిషి మనసులో ముందే ఏదో ఒకటి ఉండి తీరాలా? ఉండాల్సిందే అయితే దాన్ని గుమ్మం దగ్గరే కొలిచి చూడడం సాధ్యమా?

చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదో అధ్యాయం చికిత్సకు నాలుగు పాదాలు చెబుతుంది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. ఒక్కొక్కరికీ నాలుగేసి గుణాలు. పరిచారకుడికి ఉండవలసినవి ఉపచారం తెలిసి ఉండడం, నేర్పు, అనురాగం, శుచి. మొదటిది చదువుతో వస్తుంది, రెండోది చేయగా చేయగా వస్తుంది, నాలుగోది అలవాటుతో కుదురుతుంది. అనురాగం ఒక్కటే వీటితో ఒక వరుసలో నిలబడదు. పైగా చరకుడు చెప్పే అనురాగం యజమాని మీద సేవకుడికి ఉండవలసినది. రోగి ఇంటి పెద్ద, పరిచారకుడు ఆ ఇంటి మనిషి. ముక్కూ మొహం తెలియని వందమంది పడకల మధ్య షిఫ్టు లెక్కన పనిచేసే నేటి నర్సుకు ఆ పాఠాన్ని యథాతథంగా అప్పగించడం కుదరదు.

సుశ్రుతుడి జాబితా ఇంకొంచెం నేల మీద నిలిచి ఉంటుంది. పరిచారకుడికి స్నేహగుణం ఉండాలి, అసహ్యం ఉండకూడదు, ఒంట్లో బలం ఉండాలి, రోగిని కాచుకోవడం మీదే ధ్యాస ఉండాలి, వైద్యుడి మాట పాటించాలి, అలసిపోకూడదు. అసహ్యం లేకపోవడాన్ని విడిగా పేరు పెట్టి చెప్పినవాడికి రోగి పక్కన గడిపిన అనుభవం ఉండి ఉండాలి. బెడ్‌పాన్ తీయడం, కుళ్లిన పుండుకు కట్టు మార్చడం, వాంతి తుడవడం అనే పనుల దగ్గర ప్రేమ కంటే ముందు పరీక్షకు నిలిచేది ఆ గుణమే.

అసహ్యం అనే మాట దగ్గరే ఈ దేశపు చరిత్ర అడ్డం వస్తుంది. భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం పరిచర్యను శూద్రుడికి స్వభావసిద్ధమైన కర్మగా చెప్పింది. మరి రెండు శ్లోకాల తర్వాత, తన కర్మ ద్వారానే భగవంతుణ్ణి అర్చించి ఎవరైనా సిద్ధి పొందవచ్చని కూడా అదే అధ్యాయం చెప్పింది. రెండో మాటను వేదికల మీద తరచూ వింటాం, మొదటిదాన్ని పెద్దగా ఎవరూ గుర్తు చేయరు. కానీ రెండూ కలిపి చదివితే తేలేది ఏమిటంటే, సేవ ఎంత గొప్పదని కీర్తించినా అది ఎవరి చేతి పని అన్నది పుట్టుకతోనే నిర్ణయమై ఉండేది. మలమూత్రాలూ నెత్తురూ తాకే పని అంటు, మైల అనే భావనలతో ముడిపడి ఉండడంతో, ఆస్పత్రి నర్సింగ్‌ను కుటుంబాలు చాలాకాలం చిన్నచూపు చూశాయి. రాత్రిపూట పరాయి మగవాళ్ల మధ్య పని అన్న అభ్యంతరం దానికి తోడైంది. అందుకే ఆ పనికి ముందుగా వచ్చినవారిలో ఎక్కువమంది భారతీయ క్రైస్తవ, ఆంగ్లో ఇండియన్ స్త్రీలు. 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ వైద్యురాలు అన్నా సారా కూగ్లర్ నెలకొల్పిన ఆస్పత్రి వంటి చోట్ల తెలుగు నేల మీద నర్సుల శిక్షణ వేళ్లూనుకుంది. కుల సమాజం తాకవద్దన్న దేహాన్ని తాకడమే అక్కడ ప్రార్థనలో భాగమైంది. సంఖ్య మాత్రం పెరగలేదు. 1946లో దేశ ఆరోగ్య పరిస్థితిపై భోర్ కమిటీ నివేదిక ఇచ్చే నాటికి అవిభక్త భారతదేశంలో వైద్యులు సుమారు 47,500 మంది ఉంటే, నర్సులు 7,000 మంది.

నర్సింగ్ విశ్వవిద్యాలయ పట్టాగా మారింది కూడా 1946లోనే, ఢిల్లీలోనూ వెల్లూరులోనూ. మరుసటి ఏడాది భారత నర్సింగ్ మండలి చట్టం వచ్చింది. పట్టా చదువు అంటే దరఖాస్తు ఉంటుంది, అర్హత ఉంటుంది. నేటి నియమాల ప్రకారం ఇంటర్‌లో సైన్సు గ్రూపుతో పాటు ఇంగ్లిషు చదివి 45 శాతం మార్కులు తెచ్చుకుని ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి, ఆరోగ్యంగా ఉండాలి. వివాహితులూ అర్హులే అని నిబంధనల్లో ఒక వాక్యం ప్రత్యేకంగా ఉంది. ఇంజినీరింగ్ కోర్సుకు అలాంటి వాక్యం రాయాలని ఎవరికీ తోచదు. నర్సు అంటే సన్యాసినికి దగ్గరి మనిషి అన్న పాత ఊహ చట్టంలో వదిలి వెళ్లిన జాడ అది. రోగులు నేటికీ నర్సును సిస్టర్ అనే పిలుస్తారు, మగ నర్సు వస్తే ఆయన్ను బ్రదర్ చేస్తారు.

దరఖాస్తు పత్రంలో కులం గడి రిజర్వేషన్ కోసం ఉంటుంది. ఎవరు ఏ పని చేయాలో ఆ గడి నిర్ణయించదు. తాత్వికంగా ఇది చిన్న మార్పు కాదు. స్వధర్మం అనే భావన పుట్టుకతో వచ్చినదాన్ని పాటించడం నుంచి, కోరి ఎంచుకున్నదాన్ని పాటించడం వైపు జరిగింది. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుడూ ఆయన శరణులూ చెప్పిన కాయకం ఈ మార్పుకు పూర్వరూపం. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం ద్వారా ఆ శివభక్తుల కథలు తెలుగువారికి చిరపరిచితం. కాయకంలో ఏ పనీ హీనం కాదు, పనికి కూలి తీసుకోవడం తప్పు కాదు, తన అవసరానికి మించినది సమాజానికి చేరాలి. మన సంప్రదాయంలో నర్సింగ్‌కు పొసగే పని సిద్ధాంతం వెతికితే గీతా వ్యాఖ్యానాల కంటే ఇక్కడే ఎక్కువ సరుకు దొరుకుతుంది.

అయితే కోరి ఎంచుకోవడం అన్నది కాగితం మీద ఉన్నంత తేటగా జీవితంలో ఉండదు. బైపీసీ విద్యార్థి ముందు నీట్ రాస్తారు. ఎంబీబీఎస్ రాలేదు, బీడీఎస్ రాలేదు, ఆయుష్ వద్దనుకున్నారు, చివరికి నర్సింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టారు. కన్వీనర్ కోటాలో ఊరికి దగ్గరి కాలేజీ వస్తే చేరతారు. ఇలా వచ్చినవారికి పరిచర్య పిలుపు ఉన్నట్టా, లేనట్టా?

పిలుపు గురించి మాట్లాడితే ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను తప్పించుకోలేం. దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమె 1837లో, పదహారేళ్ల వయసులో రాసుకుంది. ఆ సేవ ఏమిటో తెలిసేసరికి ఏళ్లు పట్టింది. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ప్రొటెస్టెంటు సేవికల సంస్థలో శిక్షణ పొంది, 1860లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో నర్సుల శిక్షణాలయం పెట్టించింది. భక్తి ఒక్కటే చాలని ఆమె అనుకోలేదు, శిక్షణ లేని సదుద్దేశం రోగిని చంపుతుందని ఆమెకు క్రిమియా యుద్ధంలో బాగా తెలిసింది. అయినా 1887 నుంచి ఎథెల్ బెడ్‌ఫర్డ్ ఫెన్విక్ నాయకత్వంలో నర్సులకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ కావాలన్న ఉద్యమం సాగినప్పుడు నైటింగేల్ దాన్ని గట్టిగా ఎదిరించింది. నర్సుకు ముఖ్యమైనది శీలం, దాన్ని ఏ రాత పరీక్షా పట్టుకోలేదు, పరీక్ష ప్యాసై పేరు నమోదైనంత మాత్రాన మంచి నర్సు అని ప్రజలు భ్రమపడతారు అన్నది ఆమె వాదం. ఆమె చనిపోయిన తొమ్మిదేళ్లకు, 1919లో, బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. నేడు నర్సింగ్ మండళ్లన్నీ ఆమె చిత్రపటాన్ని గోడకు తగిలించి, ఆమె వద్దన్న పనే చేస్తున్నాయి.

చేయక తప్పదు కూడా. శీలాన్ని ఎవరు తేలుస్తారన్న ప్రశ్నకు నైటింగేల్ జవాబు నర్సుల మీద పెద్ద అయిన మేట్రన్. ఆమె శిక్షణాలయంలో ప్రతి విద్యార్థినికీ నెలనెలా శీల పట్టిక ఉండేది. సమయపాలన, నెమ్మది, విశ్వసనీయత, శుభ్రత వంటివి అందులో నమోదు చేసేవారు. పరీక్ష లోపలి మనసును చూడలేదన్నది నిజమే గానీ, మేట్రన్ కన్ను మాత్రం చూస్తుందని నమ్మడానికి ఆధారం ఏమిటి? ఒక పెద్దమనిషి ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన ఎంపికలో కులం, రంగు, మాటతీరు, పెంపకం చొరబడకుండా ఆపే మార్గం లేదు. ర్యాంకు గుడ్డిదే, కానీ ఆ గుడ్డితనం వల్లే మారుమూల మండలం నుంచి వచ్చిన దళిత విద్యార్థినికి సీటు దొరుకుతోంది. నైటింగేల్ వాదంలో సత్యం ఉంది, ఆమె సూచించిన మందులో ప్రమాదం ఉంది.

ఇక్కడ తత్వశాస్త్రం రెండు దారులు చూపుతుంది. కాంట్ 1785 నాటి నీతిశాస్త్ర గ్రంథంలో ఒక మనిషిని ఊహిస్తాడు. అతడికి స్వభావరీత్యా ఇతరుల బాధ పట్ల కరుగుదల లేదు, అయినా సాయం చేయడం కర్తవ్యం కాబట్టి చేస్తాడు. ఆ పనికే నిజమైన నైతిక విలువ ఉందంటాడు కాంట్. ఈ చూపుతో అయితే 20 మార్కుల భాగం అనవసరం, మొగ్గు లేకపోయినా విధి తప్పకుండా చేసే మనిషే మేలు. అరిస్టాటిల్‌కు ఇది సగం నిజమే. ఇష్టం లేకుండా మంచి పని చేసేవాడు ఇంకా దారిలో ఉన్నవాడు, చేయగా చేయగా ఆ పనిలో సంతోషం కలగాలి, అప్పుడే గుణం పూర్తయినట్టు. ధైర్యమైన పనులు చేస్తూ ధైర్యవంతులమైనట్టే, దయగల పనులు చేస్తూ దయ నేర్చుకుంటాం.

మంచం మీది రోగికి కాంట్ చెప్పే నర్సు చాలకపోవచ్చు. విధిగా తిప్పి పడుకోబెట్టే చేతికీ, నొప్పి ఎక్కడ పుడుతుందో గమనించి తిప్పే చేతికీ తేడా రోగి ఒంటికి తెలుస్తుంది. గమనింపు లేని పరిచర్యలో పడకపుండు మొదలైనా ఆలస్యంగా కనిపిస్తుంది. కాబట్టి అనురాగం అనేది పనికి అంటించిన అలంకారం కాదు, పని నాణ్యతలో భాగం. కానీ అది ముందే ఉండాలన్న షరతు అరిస్టాటిల్ దారిలో పడిపోతుంది. పదిహేడేళ్ల వయసులో ఎవరికైనా తెలిసిన జబ్బు మహా అయితే ఇంట్లో తాతదో నాయనమ్మదో. అపరిచితుల బాధ పట్ల తన మనసు ఎలా ఉంటుందో ఆ వయసులో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. తెలియనిదాని గురించి అడిగితే వచ్చేది కోచింగ్ సెంటర్ నేర్పిన జవాబే.

చదువు నిర్మాణం కూడా ఈ సంగతిని తెలిసో తెలియకో ఒప్పుకుంటుంది. నాలుగేళ్ల కోర్సు, ఎనిమిది సెమిస్టర్లు. మొదటి సెమిస్టర్‌లో శరీర నిర్మాణం, శరీరధర్మశాస్త్రం, సమాజశాస్త్రం, మనస్తత్వశాస్త్రం పక్కనే నర్సింగ్ మౌలికాంశాలు ఉంటాయి, వాటితోపాటే వార్డు. పడక సర్దడం, ఒళ్లు తుడవడం, నాడి, ఉష్ణోగ్రత చూడడం అక్కడే మొదలవుతుంది. దీపం వెలిగించి ప్రతిజ్ఞ చేసే వేడుక కాలేజీలో చేరాక జరుగుతుంది, చేరక ముందు కాదు. ఆ ప్రతిజ్ఞకు నైటింగేల్ పేరున్నా దాన్ని ఆమె రాయలేదు, 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో ఒక నర్సుల శిక్షణాలయం కోసం తయారైంది. దరఖాస్తులో అడగనిదాన్ని, అడగడానికి వీల్లేనిదాన్ని, ప్రతిజ్ఞలో అడుగుతారు. ఉపనయనంలోనూ సన్యాస దీక్షలోనూ గురువు దగ్గర కొంత నడిచాకే, లేదా నడవడానికి సిద్ధమయ్యాకే వ్రతం పట్టడం ఉంది.

ఇక జీతం. నర్సింగ్‌కు దరఖాస్తు చేసేవారిలో చాలామందిని నడిపించేది ఉద్యోగం తప్పక దొరుకుతుందన్న ఆశ. కొందరికి గల్ఫ్, కొందరికి బ్రిటన్, ఇటీవల జర్మనీ, జపాన్. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్, జపనీస్ భాషలు నేర్పించి మరీ నర్సులను పంపుతోంది. డబ్బు కోసం వచ్చినవారి సేవ సేవేనా అన్న అనుమానం పెద్దమనుషుల మాటల్లో తరచూ వినిపిస్తుంది. దీనికి బౌద్ధుల వినయ పిటకంలో ఆశ్చర్యపరిచే జవాబు ఉంది.

ఆ పిటకంలోని మహావగ్గలో ఒక భిక్షువు విరేచనాలతో తన మలమూత్రాల్లోనే పడి ఉంటాడు. ఎవరూ చూడరు. ఎందుకు చూడరని బుద్ధుడు అడిగితే, తాను ఎవరికీ ఏమీ చేయలేదు కాబట్టి తనకెవరూ చేయరంటాడు. బుద్ధుడు నీళ్లు పోస్తే ఆనందుడు ఒళ్లు కడుగుతాడు, ఇద్దరూ కలిసి అతణ్ణి మంచం మీదికి చేరుస్తారు. తల్లీ తండ్రీ లేని మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని బుద్ధుడు సంఘాన్ని మందలిస్తాడు. తనకు సేవ చేయదలచినవారు రోగికి చేయాలంటాడు. తర్వాత మంచి పరిచారకుడి ఐదు గుణాలు వస్తాయి. మందు సిద్ధం చేయగలగాలి, పథ్యాపథ్యాలు తెలియాలి, మలమూత్రాలు తీయడానికి రోయకూడదు, మంచి మాటతో రోగికి ఉత్సాహం కలిగించాలి, ప్రతిఫలాపేక్షతో కాక మైత్రితో చేయాలి. ఇంతవరకూ అందరూ ఊహించేదే. వెంటనే ఆ ప్రకరణంలోనే ఇంకో నియమం ఉంది. రోగి అయిన భిక్షువు చనిపోతే అతడి భిక్షాపాత్రా చీవరాలూ సంఘం పరిచర్య చేసినవారికే ఇవ్వాలి.

ఈ రెండు నియమాలూ పక్కపక్కనే ఉండడం ఏమరుపాటు అనిపించదు. చేసేటప్పుడు ప్రతిఫలం మీద చూపు ఉండకూడదు, చేసినవారికి ప్రతిఫలం ఇవ్వకుండా ఉండకూడదు. మొదటిది పరిచారకుడి మనసుకు చెప్పిన మాట, రెండోది సంఘానికి చెప్పిన మాట. మన దగ్గర ఈ రెండింటినీ తారుమారు చేసి వాడుకునే అలవాటు ఉంది. మానవ సేవే మాధవ సేవ అన్న సామెత నర్సు తనకు తాను చెప్పుకుంటే బలం ఇవ్వవచ్చు. జీతం పెంచమని, రాత్రి డ్యూటీకి మనుషులను పెంచమని అడిగినప్పుడు యాజమాన్యం చెబితే అది దోపిడీ. మాధవుడి కోసం చేస్తున్న సేవ అనుకోవడంలో ఇంకో చిక్కు కూడా ఉంది, రోగి మోక్షానికి మెట్టుగా మిగిలిపోతాడు. మత్తయి సువార్తలోని తుది తీర్పు ఘట్టం దీన్ని సున్నితంగా దాటుతుంది. రోగిగా ఉన్న నన్ను మీరు చూశారని ప్రభువు అంటే నీతిమంతులకు ఆ సంగతే తెలియదు, ఎప్పుడు చూశామని ఎదురు అడుగుతారు. ఆ సమయంలో వాళ్లకు కనిపించింది రోగి మాత్రమే.

అనురాగం ఎక్కువైతే ఏమవుతుందన్నది ఎంపిక సంఘాలు అడగని ప్రశ్న. పతంజలి యోగసూత్రాల మొదటి పాదంలో చిత్త ప్రసన్నతకు మైత్రి, కరుణ, ముదితలతో పాటు ఉపేక్షను కూడా చెప్పాడు. ఐదో శతాబ్దపు బుద్ధఘోషుడు విశుద్ధిమగ్గంలో మరింత తీక్ష్ణంగా, కరుణకు దూరపు శత్రువు క్రూరత్వమైతే దగ్గరి శత్రువు శోకం అన్నాడు. దగ్గరి శత్రువు మిత్రుడిలా కనిపిస్తుంది. ప్రతి రోగి బాధకూ కుంగిపోయే విద్యార్థిని చూసి ఎంత మంచి మనసో అంటారు. ఏడాది తిరిగేసరికి ఆ మనసే మొద్దుబారి, ఐసీయూలో మనుషుల బదులు పడక నంబర్లు చూడడం మొదలుపెడుతుంది. అంచేత కన్నీళ్లు తెప్పించే జవాబును ఎక్కువ మార్కులకు అర్హమనుకోవడం పొరపాటు కావచ్చు.

ఇంతకీ ఆ 20 మార్కుల భాగం దేన్ని కొలవాలి? ప్రేమను కాదు. ప్రేమ కుదరడానికి అడ్డుపడేవి ఉన్నాయేమో చూడడం వరకు సాధ్యం. ఒక చిన్న సన్నివేశం ఇచ్చి, ఇందులో రోగి గురించి ఏమేం గమనించారని అడగవచ్చు. మందు మోతాదులో తేడా కనిపిస్తే పెద్ద డాక్టరుకు చెబుతారా, ఊరుకుంటారా అని అడగవచ్చు. సుశ్రుతుడి కాలంలో వైద్యుడి మాట పాటించడం గుణమైతే, నేడు తప్పు మాటను ప్రశ్నించడం కూడా గుణమే. ఎంపికకు ముందు ఒక వారం వార్డులో తిప్పితే, ఏ ప్రశ్నపత్రం కంటే ఎక్కువ సంగతులు అభ్యర్థికే తెలుస్తాయి. ఆ వారం వడపోత కోసం కాకుండా, అభ్యర్థి తన నిర్ణయాన్ని తాను చూసుకోవడం కోసం అయితేనే దానికి విలువ.

మిగిలింది వదిలి వెళ్లేవారి సంగతి. పుట్టుకతో వచ్చే స్వధర్మంలో బయటికి తలుపు లేదు, అందుకే పరధర్మం భయావహమన్న హెచ్చరిక. దరఖాస్తుతో తెచ్చుకున్న ధర్మానికి తలుపు ఉంది. మొదటి సెమిస్టర్‌లో నెత్తురు వాసనకు అలవాటు పడలేక, లేదా ఇది తన దారి కాదని తేలి మానేసిన విద్యార్థి ఏ ధర్మాన్నీ తప్పినట్టు కాదు. కట్టిన ఫీజు పోయిందని ఇంట్లో ఎంత గొడవైనా ఆ నిర్ణయం వల్ల ఏ రోగికీ నష్టం లేదు. ప్రతిజ్ఞ అయ్యాక, రాత్రి షిఫ్టులో ఒక వార్డు చేతికి వచ్చాక పరిస్థితి మారుతుంది. అక్కడి నుంచి ఉద్యోగం మానే హక్కు అలాగే ఉంటుంది, కానీ బదులు మనిషి రాకుండా ఆ రాత్రి వార్డు వదిలి వెళ్లే హక్కు ఉండదు.